వాన రెండు మడులపైనను కురిసెను
(సంఘనాయకులకు ఒక పాఠము)



ఈ పత్రికలో మేము సాధారణముగా విత్తనములను గుఱించియు, ఎరువులను గుఱించియు, తెగుళ్లను గుఱించియు వ్రాయుచుందుము. ఈ మాసమున పైరును విడిచి, సంఘమును నడపువారిని గుఱించి నాలుగు మాటలు వ్రాయదలచితిమి. అధ్యక్షులుగను, కార్యదర్శులుగను, పాలకవర్గ సభ్యులుగను, పొదుపు సంఘములకు నాయకురాండ్రుగను పనిచేయువారిలో పలువురకు ఒక లోపము కలదు. వారు తమ పేర ఖర్చు వ్రాసికొనుటకు వెనుదీయరు. జమ వ్రాసికొనవలసిన చోట మాత్రము కలము ఆపుదురు. తాము చేసిన పనిని తమదని చెప్పజాలరు. చూచువారు దీనిని వినయమందురు. మేమును చాలకాలము అట్లే తలచితిమి. ఇది వినయము కాదనియు, లెక్క తప్పుటయే యనియు, ఆ తప్పువలన సంఘమునకు నష్టము కలుగుననియు చూపుట ఈ పాఠముయొక్క ఉద్దేశము.

1. సమావేశమున జరిగినది

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామ సహకార పరపతి సంఘముయొక్క సర్వసభ్య సమావేశమునకు మేము వెళ్లితిమి. ఆ గ్రామమును దాని ప్రక్క గ్రామమును ఒకే చెఱువు క్రింద సేద్యము చేయుచున్నవి. ప్రక్క గ్రామపు సంఘము మొండిబాకీలతో క్రుంగి, క్రొత్త అప్పులిచ్చుట మానివేసినది. ఈ గ్రామపు సంఘము మాత్రము గడువు తప్పక బాకీలు వసూలు చేసికొని, ఎరువులు సకాలమున పంచి, సొంత గిడ్డంగి కట్టుకొన్నది.

సభ ముగియవచ్చునప్పటికి వెనుక వరుసలోనుండి ఒక యువకుడు లేచి, “పెదనాయనా! ప్రక్క ఊరి సంఘము మునిగినది, మనది నిలిచినది. మీరేమి చేసినారో కొంచెము చెప్పండి. రేపు మాలో నెవరైన ఆ కుర్చీలో కూర్చుండవలసి వచ్చినయెడల మేమును అట్లే చేసెదము” అని యడిగెను.

అధ్యక్షుడుగారు లేచి చేతులు జోడించి, “నాదేమున్నది నాయనా? దేవుడు చల్లగా చూచినాడు, వానలు కురిసినవి, జనము మంచివారు, కార్యదర్శి చదువుకొన్నవాడు. అంతే” అని కూర్చుండిరి. సభ్యులు చప్పట్లు కొట్టిరి. ఆ యువకుడు మాత్రము ఇంకేమైన చెప్పుదురేమో యని కొంతసేపు నిలుచుండి, పిదప కూర్చుండెను. అతడు అడిగినదానికి జవాబు దొరకలేదు.

ఆ సాయంకాలము ఆయన యింటి అరుగుపై కూర్చుండియుండగా ఆయన మాతో మెల్లగా నిట్లనిరి: “ఈ యేటితో నేను మానుకొందునండీ, డిమానుస్ట్రేటరుగారూ. నేను అయిదవ తరగతితో బడి మానినవాడను. సంఘపు లెక్కలు ఇప్పుడు కంప్యూటరులోనికి ఎక్కుచున్నవి. ఇన్నాళ్లు ఎట్లో గడచినది. నాకేమియు తెలియదని ఏదో యొకనాడు అందఱకును తెలిసిపోవును. ఆ దినము రాకమునుపే మర్యాదగా తప్పుకొనుట మేలు.”

మాకు ఆశ్చర్యమైనది. ఏలయనగా ఆ ఆఱేండ్లలో ఆయన చేసినదేమో సంఘపు మినిట్సు పుస్తకములోనే యున్నది. అప్పుల గడువును నూర్పుల తరువాతకు మార్పించినది ఆయనయే. మొదటి యేట తన సొంత అన్నదమ్ములచేతనే అందఱికంటె ముందు బాకీ కట్టించినది ఆయనయే. పాతబాకీ చెల్లింపని యొక పలుకుబడిగల ఆసామికి క్రొత్త అప్పు లేదని ముఖముమీద చెప్పినది ఆయనయే. పైరు పోయిన యేట పొలము పొలమునకు తిరిగి చూచి, నిజముగ నష్టపడినవారి బాకీలకే వాయిదాలు పొడిగింపజేసి, తక్కినవారిచే కట్టించినది ఆయనయే. ఇంత చేసియు, తన కేమియు తెలియదని ఆయన నిజముగనే నమ్ముచుండిరి.

2. మేము చేసిన తప్పు

అప్పుడు మేము మా కథ యొకటి ఆయనకు చెప్పితిమి.

ఉద్యోగమున చేరిన తొలి దినములలో ఒక రైతు పొలమున పచ్చిరొట్ట ఎరువు ప్రదర్శన పెట్టితిమి. ఒకే మడిని గట్టు వేసి రెండు సగములు చేసి, ఒక సగమున జీలుగ చల్లితిమి. పూతకు వచ్చు సమయమున, అనగా సుమారు నలువదియైదు దినములకు, దానిని నీటిలో కలియదున్ని, కుళ్లిన పిదప వరి నాటించితిమి. రెండవ సగమున జీలుగ లేదు. తక్కిన సేద్యమంతయు సమానమే. కోసి నూర్చి కొలువగా జీలుగ దున్నిన సగమున ధాన్యము స్పష్టముగ ఎక్కువ వచ్చినది.

కళ్లమువద్ద ఊరివారు గుమిగూడియుండగా ఒక పెద్దమనిషి, “ఈ యేడు వానలు కలిసివచ్చినవి గనుక పండినది” అనెను. మేము క్రొత్తవారము, వయస్సున చిన్నవారము. పెద్దవారి మాటకు ఎదురు చెప్పుట గర్వమగునేమో యని సంకోచించితిమి. అంతకంటె లోపల మఱియొక భయము కూడ నుండెను: నిజముగ ఇది మా పనియేనా, లేక కాకతాళీయమా? అందుచే “అవునండీ, వానలు బాగుగ కురిసినవి” అని తల యూపితిమి. మఱుసటి యేడు ఆ ఊర జీలుగ చల్లినవారు ఒక్కరును లేరు. తెప్పించి పెట్టిన విత్తనము పెట్టినట్లే పురుగు పట్టిపోయినది. తన మడి నిచ్చిన రైతు కూడ మానుకొనెను.

రెండేండ్ల తరువాత ఆ రైతే సంతలో మమ్ము నిలిపి, “అయ్యా, వాన రెండు మడులపైనను కురిసినదే గదా! ఆనాడు మీరేల ఆ మాట అనలేదు? చేయించిన మీరే కాదన్నప్పుడు నేనెట్లు నమ్ముదును?” అని యడిగెను. మాకు నోట మాట రాలేదు. గర్వమునకు వెఱచి మేమూరకుండుటచే నష్టపడినవారు మేము కాము. ఆ యూరి రైతులు.

ఈ కథ చెప్పి, అధ్యక్షుడుగారితో మేమిట్లంటిమి: “మీ ఊరును ప్రక్క ఊరును ఒకే చెఱువు క్రిందివి. వాన రెండు ఊళ్లపైనను కురిసినది. దేవుడు రెండు ఊళ్లకును ఒక్కడే. జనమును రెండు ఊళ్లలో ఒకే తీరువారు. మఱి ఒక సంఘము నిలిచి యొకటి కూలుటకు వాన యెట్లు కారణమగును?” ఆయన చాలసేపు మాటాడక, చుట్ట ఆరిపోయినది కూడ చూచుకొనక కూర్చుండిరి.

3. ఈ సంశయము ఒక్కరిది కాదు

పనిలో నేర్పు గలవారికే ఈ సంశయము తఱచుగ కలుగుచుండుట విచిత్రము. అమెరికా దేశమున పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అను ఇద్దఱు మనశ్శాస్త్రజ్ఞులు 1978వ సంవత్సరమున దీనిని గుఱించి యొక వ్యాసము ప్రకటించిరి. వారు నూటయేబదిమందికి పైగా స్త్రీలను, అందఱు పెద్ద చదువులు చదివి తమ తమ పనులలో పేరుపొందినవారిని, పరిశీలించిరి. అట్టివారిలో ననేకులు తమ గెలుపునకు అదృష్టమో, పరీక్షకుల పొరపాటో కారణమనియు, తాము లోకమును మోసపుచ్చుచున్నామనియు, ఎప్పుడో యొకప్పుడు బయటపడుదుమనియు లోలోపల భయపడుచుండిరట. ఈ భయము పురుషులలోను కలదని తరువాతి పరిశోధనలు తెలిపినవి. అయిదవ తరగతితో బడి మానిన మన అధ్యక్షుడుగారు అరుగుమీద పలికిన మాటలును, ఆ విద్యావంతురాండ్రు పలికిన మాటలును ఒక్కటే. కాబట్టి ఇది చదువు తక్కువైనందున కలుగునది కాదు; చదువు ఎక్కువైనంతమాత్రమున పోవునదియు కాదు.

మన పల్లెలలో దీనికి మఱికొన్ని కారణములు గలవు. తన్ను తాను పొగడుకొనరాదని చిన్ననాటినుండి నేర్చుకొందుము. అది మంచి నీతియే. నిండుకుండ తొణకదు, అదియు నిజమే. కాని కుండలో నీరెంత గలదని దప్పిగొన్నవాడు అడిగినప్పుడు మూత తీసి చూపుట తొణకుట కాదు. స్త్రీల విషయమున ఈ చిక్కు ఇంకను ఎక్కువ. సంఘపు పుస్తకములన్నియు తానే వ్రాసి, బ్యాంకునకు తానే తిరిగి, పోట్లాటలను తానే తీర్చిన నాయకురాలు సైతము ఎవరైన అడిగినచో “మా ఇంటాయన చెప్పినట్లు చేసినాను” అనును. అట్లనకున్న ఊరిలో మాట పడవలసివచ్చునని ఆమె భయము.

సంశయమంతయు చెడ్డది కాదు. విత్తనము మంచిదో కాదో యని సంశయించి, నూఱు గింజలను తడిగుడ్డలో చుట్టి, మొలచినవానిని లెక్కపెట్టువాడు తెలివిగలవాడు. కాని తొంబది గింజలు మొలచిన పిదపకూడ విత్తనము చచ్చినదే యని చల్లక కూర్చుండువానిని ఏమందుము? పరీక్షకు పూర్వము సంశయము కాపరివంటిది. పరీక్ష తరువాత కూడ విడువనిచో అది చీడవంటిది.

4. సంఘమునకు కలుగు నష్టములు

నాయకుడు తన పనిని తనదని చెప్పకుండుటవలన మూడు నష్టములు గలవు.

మొదటిది, పద్ధతి పోవును. గెలుపునకు అదృష్టమే కారణమన్నచో నేర్చుకొనదగినది ఏమియు లేదు. నాయకుడు దిగిన మఱునాడు పాత అలవాట్లు తిరిగి వచ్చును.

రెండవది, చోటు ఖాళీగ నుండదు. చేసినవాడు తనది కాదన్న పనిని, చేయనివాడు తనదని చెప్పుకొనును. మాట నేర్చినవాని చేతికి సంఘము పోవుట మనము అక్కడక్కడ చూచుచునే యున్నాము.

మూడవది, తప్పు కూడ దొరకదు. మంచి తనవలన జరుగలేదన్నవాడు చెడుగును తనవలన జరుగలేదనుటకు అలవాటుపడును. జమ వ్రాయని పుస్తకమున ఖర్చును సరిగ నుండదు. అట్టి పుస్తకమును ఏ ఆడిటరు ఒప్పుకొనడు.

5. చెప్పినందున నిలిచిన పనులు

మన సహకారోద్యమముయొక్క పుట్టుకయే దీనికి నిదర్శనము. జర్మనీ దేశమున ఫ్రీడ్రిక్ విల్హెల్మ్ రైఫైజన్ (1818–1888) అను నతడు కొన్ని చిన్న గ్రామములకు మేయరుగ నుండెను. కండ్లజబ్బువలన చూపు మందగించినవాడు. 1846–47 కఱవుకాలమున కలవారిచే చందాలు వేయించి, పిండి తెప్పించి, రొట్టెలు చేయించి బీదలకు అందజేసెను. 1849లో రైతుల సాయమునకై మఱియొక సంఘము పెట్టెను. ఇవి కలవారి దయపై ఆధారపడినవి గనుక చిరకాలము నిలువవని అనుభవమున తెలిసికొని, 1864లో హెడ్డెస్‌డార్ఫ్ అను చోట అప్పు పుచ్చుకొనువారే సభ్యులై పరస్పరము పూచీపడు పరపతి సంఘమును స్థాపించెను. 1866లో తన అనుభవమును గ్రంథముగ ప్రకటించెను. చూపు చాలక, వ్రాతపనిలో కుమార్తె తోడ్పాటు పొందెను.

తాను పల్లెటూరి ఉద్యోగి ననియు, చూపు లేనివాడననియు, జరిగినదంతయు కాలము కలిసివచ్చుటచేతనే యనియు అతడు తలవంచుకొని యూరకున్నచో ఏమయ్యెడిది? చెన్నపురి రాజధానిలో గ్రామ పరపతిని గుఱించి విచారించిన ఫ్రెడరిక్ నికల్సన్ దొర 1895, 1897 సంవత్సరములలో ప్రకటించిన నివేదికలో రైఫైజన్ మార్గమునే గట్టిగ సూచించెను. ఆ తరువాతనే 1904వ సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. నాటి చెన్నపురి రాజధానిలోని తెలుగు జిల్లాలకును ఉద్యమము ఆ త్రోవనే చేరినది. ఒక గ్రామపు మేయరు తన పనిని, అందలి పొరపాటులతో సహా, ఉన్నదున్నట్లు చెప్పుటవలన మన చేతికి ఈ సంఘము వచ్చినది.

దగ్గఱి నిదర్శనము ఇంకొకటి. 1990వ దశాబ్దపు తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలోని దూబగుంట గ్రామపు స్త్రీలు తమ ఊరి సారా దుకాణమును మూయించిరి. వారిలో పలువురు అప్పుడప్పుడే అక్షరములు దిద్దుచున్నవారు. ఆ వృత్తాంతము వయోజన విద్యా పాఠములలో చేరినది. చదివిన తక్కిన గ్రామముల స్త్రీలు తామును లేచిరి. 1992లో ఉద్యమము జిల్లా యంతటను అలముకొని, 1993 అక్టోబరు 1వ తేదీనుండి నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున సారా నిషేధింపబడినది. “మాదేమున్నది?” అని ఆ స్త్రీలు ఇంటిలో కూర్చుండినచో ఆ పాఠమే లేదు.

6. చేయదగిన పనులు

ఈ సంశయమును పొగడ్తలు పోగొట్టలేవు. పొగడినకొలది ‘వీరికి నా సంగతి తెలియదు’ అని మనస్సు ఇంకను ముడుచుకొనును. దీనికి మందు లెక్క యొక్కటే. మా అనుభవమున ఫలించిన పద్ధతులు ఇవి.

(అ) సరిచూచు మడి నుంచుకొనుడు. ప్రదర్శనకు ప్రక్కన మామూలు మడి యెట్లో, మీ పనికి ప్రక్కన ఒక పోలిక అట్లు. పొరుగు సంఘమైనను సరే, మీరు రాకముందు మీ సంఘమైనను సరే. వాన, ధర, ప్రభుత్వపు సాయము రెంటికిని సమానముగ నున్నవా? ఉన్నచో మిగిలిన తేడాలో మీ నిర్ణయమునకు పాలు గలదు. లేనిచో ఆ మేరకు తగ్గించి వ్రాసికొనుడు.

(ఆ) ఒక చేతిపుస్తకము పెట్టుడు. నెల కొకమాఱు మూడు వరుసలు వ్రాయుడు: నేనేమి చేసితిని, దానివలన ఏమి జరిగినది, ఇందు ఇతరుల చేయి యెంత, అదృష్టమెంత. “గడువు మార్పించితిని, సకాలమున కట్టినవారు పెరిగిరి, కార్యదర్శి ఇంటింటికి కబురు చేర్చెను.” ఇట్లే తప్పులును వ్రాయుడు. “విత్తనములకు ఆలస్యముగ వ్రాసితిని, కొందఱు బయట హెచ్చు ధరకు కొనిరి, తప్పు నాది.” ఒక యేడు వ్రాసినపిమ్మట మనస్సు చెప్పుమాటకు బదులు పుస్తకము చెప్పుమాట వినవచ్చును.

(ఇ) చేసిన విధమును చూపుడు. మేము మిషను బడిలో చదువునప్పుడు లెక్కల పంతులుగారు జవాబు మాత్రము వ్రాసినచో మార్కులిచ్చెడివారు కారు. చేసిన విధము పలకమీద చూపుమనెడివారు. సభలో మాటాడునప్పుడును అంతే. “నేను గొప్పవాడను” అనవద్దు. “నాదేమియు లేదు” అని యును అనవద్దు. ఈ చిక్కు వచ్చినది, రెండు దారులు కనబడినవి, ఈ కారణమున దీనిని ఎంచితిని, ఇది ఫలితము, వీరు సాయపడిరి, ఇక్కడ పొరబడితిని. ఇంతమాత్రము చెప్పిన చాలును.

(ఈ) ఎవరైన మెచ్చుకొన్నప్పుడు త్రోసివేయవద్దు. “సంతోషము. దానికై కొంత శ్రమపడితిని. ఇంకను ఈ పని మిగిలియున్నది” అనుడు. మెచ్చినవాని మాటను కాదనుట అతని కంటిచూపును తప్పుపట్టుటయే.

(ఉ) తెలియనిదానిని తెలియదనుడు; కాని దానితో తెలిసినదానిని కొట్టివేయవద్దు. కంప్యూటరు నడుపుట గుమాస్తా పని. చేతి నగదు పుస్తకముతో సరిపోయినదా యని చూచుట, బాకీదారుల జాబితా నెలనెల అడుగుట, అయినవారి బాకీని ముందుగ వసూలు చేయించుట అధ్యక్షుని పని. మొదటిది ఎవరినైన అడిగి నేర్చుకొనవచ్చును. కడపటిదానికి గుండె కావలెను.

(ఊ) మీ తరువాత రాదగినవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని పని చేయుడు. అతడు “ఇట్లేల చేసితిరి?” అని యడుగుచుండగా జవాబు చెప్పుటలో మీకు తెలిసినదెంతయో మీకే బోధపడును.

7. ఒక హెచ్చరిక

ఇది చదివి గిడ్డంగి గోడమీద తమ పేరు పెద్ద అక్షరములతో చెక్కించుకొనువారును ఉండవచ్చును. వారికొఱకు ఈ పాఠము వ్రాయలేదు. సంఘపు పని అందఱిది. అందు ఒక్కనికే జమ వ్రాయుటయు దొంగలెక్కయే. మనము కోరునది సరియైన తూనిక. తక్కువ తూచుటయు తప్పే, ఎక్కువ తూచుటయు తప్పే. మనకు మనము తూచుకొనునప్పుడు సైతము రాయి మార్చరాదు.

8. మఱుసటి యేడు

ఆ అధ్యక్షుడుగారు ఆ యేట మానుకొనలేదు. మఱుసటి సర్వసభ్య సమావేశమున మినిట్సు పుస్తకము చేతబట్టి లేచి, కాలుగంటసేపు మాటాడిరి. మొదట గొంతు కొంచెము వణకినది. గడువు మార్చిన సంగతి, అన్నదమ్ముల బాకీ సంగతి, పొలములు తిరిగిన సంగతి వరుసగ చెప్పిరి. కార్యదర్శి చేసినది కార్యదర్శికి, సభ్యులు చేసినది సభ్యులకు వ్రాసిరి. ఒక యేట విత్తనము ఆలస్యముగ తెప్పించుట తన తప్పే యని ఒప్పుకొనిరి. చప్పట్లు తక్కువగనే మ్రోగినవి. కాని ఆ యువకుడు చీటీమీద వ్రాసికొనుచు రెండు ప్రశ్నలు వేసెను. వానికి ఆయన నిలుచుండియే జవాబు చెప్పిరి.

పదవీకాలము ముగిసిన పిదప ఆయన పోటీచేయలేదు. ఆ యువకుడు పాలకవర్గమునకు ఎన్నికయ్యెను. గడువును నూర్పుల తరువాత నుంచు పద్ధతి ఆ సంఘమున నేటికిని నడచుచున్నది. మేమును జీలుగ విత్తనము పట్టుకొని మా పాత గ్రామమునకు తిరిగి వెళ్లి, మడిని రెండు సగములు చేయించితిమి. ఈసారి కళ్లమువద్ద వానల మాట వచ్చినప్పుడు మేము ఊరకుండలేదు.

సంఘ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. గడచిన మూడేండ్లలో మన సంఘమున జరిగిన ఒక మంచి మార్పును చెప్పుడు. అది ఎవరి నిర్ణయమువలన జరిగినది? మినిట్సు పుస్తకమున కనబడుచున్నదా?

2. ఆ కాలముననే జరిగిన యొక పొరపాటును చెప్పుడు. దానినుండి ఏమి నేర్చితిమి?

3. మన సంఘమునకు సరిచూచు మడి యేది?

4. నేటి నాయకులు రేపు లేనిచో, వారికి తెలిసి మనకు తెలియని సంగతులేవి? వానిని నేడే అడిగి వ్రాసికొనుడు.